కాలు విరిగితే దెబ్బ కాదట!

అమెరికా చట్టం ప్రకారం విమానానికి కాలు విరిగితే దెబ్బ తగిలినట్టు కాదు. ఇది నేను వెటకారానికి అంటున్న మాట కాదు. వెటకారమంతా చట్టం రాసినవాళ్లే చేసేశారు, నాకు మిగల్చలేదు. ఆ దేశపు ఫెడరల్ నిబంధనల్లో 49వ టైటిల్, 830వ భాగం అని ఒకటుంది. ఏది విమాన ప్రమాదమో, ఏది కాదో అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు, అంటే ఎన్‌టీఎస్‌బీ, తేల్చేది దాన్నిబట్టే. మనుషులెవరూ చావకుండా, తీవ్రంగా గాయపడకుండా బయటపడితే, విమానానికి ‘గణనీయమైన నష్టం’ జరిగినప్పుడే అది ప్రమాదం. ఏది గణనీయం కాదో కూడా శ్రద్ధగా జాబితా కట్టారు: సొట్టపడిన రేకు, రేకుకు పడ్డ చిన్న చిల్లులు, నేలకు కొట్టుకున్న ప్రొపెల్లర్, రెక్కల కొసలు, బ్రేకులు, టైర్లు, చక్రాలు, ఆఖరికి ల్యాండింగ్ గేర్.

అవును, ల్యాండింగ్ గేరే. గాల్లో తిరిగే యంత్రానికి నేలను తాకడానికి దేవుడిచ్చినవి ఆ మూడు కాళ్లే. అవి విరిగితే విరిగినట్టు కాదని ప్రభుత్వం ఆమోదముద్ర వేసింది.

నాలుగు సీట్ల విమానం ఒకటి రన్‌వే మీద దిగుతోందనుకోండి. ఎడమ కాలు ముడుచుకుపోయింది. రెక్క కొస తారును గీరుకుంటూ పోయింది. ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుని వంగింది. తిరిగే ఇంజన్ ఒక్కసారిగా దెబ్బ తిన్నది కనుక దాన్ని పూర్తిగా విప్పి క్రాంక్‌షాఫ్ట్ దాకా చూడాలి. పాత విమానమైతే ఈ ఖర్చు దాని ధరనే మించిపోవచ్చు. బీమా కంపెనీ మనిషి వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, ఇక ఇది తుక్కు కిందే లెక్క అని రాసుకుని, యజమానికి చెక్కు పంపిస్తాడు. ప్రభుత్వం వారి పుస్తకంలో మాత్రం గణనీయమైన నష్టమేమీ జరగలేదు. న్యాయంగా చెప్పాలి కనుక చెబుతున్నా: లోపలి అస్థిపంజరంలో బల్క్‌హెడ్డో, స్ట్రింగరో వంగితే అప్పుడది ప్రమాదం కిందికి వస్తుంది. అంటే రోగిగా గుర్తింపు కావాలంటే కాలు విరిగినప్పుడే పనిలోపనిగా పక్కటెముక కూడా విరిగేలా చూసుకోవాలన్నమాట.

ఇదంతా కాగితం మీది మాటల గారడీ, దీనికింత గోల ఎందుకు అంటారేమో. చిన్న విమానాల భద్రత మొత్తం ఈ కాగితం మీదే నడుస్తోంది. ఏదైనా భాగం పదే పదే విరుగుతోందని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు నమ్మకం కుదిరితే ‘ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్’ జారీ చేస్తుంది. హ్యాంగర్లలో దాన్ని ఏడీ అంటారు. ఏడీ అంటే ఆజ్ఞ. అది పాటించని విమానం ఎగరడానికి వీల్లేదు. సాధారణంగా అంతకన్నా ముందే తయారీ కంపెనీ నుంచి సర్వీస్ బులెటిన్ వస్తుంది. దాని నెత్తిన ‘తప్పనిసరి’ అని కంపెనీ ఎంత పెద్ద అక్షరాలతో అచ్చేసుకున్నా, సొంతానికి విమానం నడుపుకునే యజమానికి అది సలహా మాత్రమే. ఇక హ్యాంగర్‌లో సంభాషణ ఎలా సాగుతుందో ఊహించుకోవచ్చు.

“సార్, కంపెనీ బులెటిన్ వచ్చింది. గేర్ సైడ్ బ్రేస్ విప్పి పగుళ్లున్నాయేమో చూడమంటున్నారు.”

“ఏడీయా?”

“కాదు సార్, బులెటినే.”

“అయితే వచ్చే ఏడాది చూద్దాంలే.”

మరి ఏడీ ఎప్పుడొస్తుంది? తగినన్ని వైఫల్యాలు లెక్కకొచ్చినప్పుడు. లెక్కకెలా వస్తాయి? ప్రమాదాలుగా నమోదైతే. ఎందుకు నమోదు కావు? గేర్ విరగడం ప్రమాదం కాదు కనుక. పోనీ ప్రమాదం కాకపోయినా బోర్డుకు వెంటనే చెప్పి తీరాల్సిన సంఘటనల జాబితా ఇంకొకటుంది. గాల్లో మంటలు, కంట్రోళ్లు పనిచేయకపోవడం, పైలట్ విధులు నిర్వర్తించలేని స్థితికి చేరడం వగైరా అందులో ఉన్నాయి. చిన్న విమానం గేర్ కూలడం అందులోనూ లేదు. పోనీ ఎఫ్‌ఏఏకు పంపే ‘సర్వీస్ డిఫికల్టీ రిపోర్ట్’ ఉంది కదా అంటే, అది ఎయిర్‌లైన్లకూ, చార్టర్ ఆపరేటర్లకూ తప్పనిసరి. సొంత విమానాలు బాగుచేసే ఊరి మెకానిక్‌కు ఐచ్ఛికం. సాయంత్రం చేతుల గ్రీజు కడుక్కుని, ఇంటికి పోకుండా కూర్చుని, పైసా రాని ఫారం నింపేంత దేశభక్తి ఆయనకుంటే నింపొచ్చు. ఎవరూ అడ్డుకోరు.

లెక్కపెట్టనక్కర్లేదని చట్టం చేసి, లెక్కలేవని అడగడం! దీనికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు డేటా ఆధారిత నియంత్రణ.

లెక్కకొచ్చిన ఆ కాసిని కేసుల్లోనైనా దోషి ఎవరో ముందే తెలుసు. పైలట్. చక్రాలు దించడం మరిచాడా, పైలట్ తప్పు. దిగాక పొరపాటున చక్రాలు ఎత్తేశాడా, పైలట్ తప్పు. పైలట్లు రెండు రకాలు, గేర్ దించకుండా దిగినవాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు దిగబోయేవాళ్లు అని అక్కడి ఫ్లయింగ్ క్లబ్బుల్లో పాత నానుడి ఒకటుంది. తప్పును తలరాతగా ఒప్పుకునేలా ఒక వృత్తి మొత్తాన్ని తయారుచేశాక, ఇక డిజైన్ చేసినవాణ్ణి ఎవరడుగుతారు?

అడిగినవాడు ఒకడున్నాడు. ఆయన కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు క్షేమంగా దిగి, రన్‌వే మీద పరిగెడుతూ, ఉన్నట్టుండి చక్రాలు ముడుచుకుని నేలకు కరుచుకునేవి. శత్రువు ఫిరంగులను తప్పించుకుని వచ్చినవాడు సొంత రన్‌వే మీద సొంత చేత్తో విమానాన్ని కూలదోసుకునేవాడు. ప్రతిసారీ పైలట్ తప్పని రాసి, ఫైలు మూసి, కొత్త విమానం తెప్పించేవాళ్లు. 1943 ప్రాంతంలో ఆల్ఫాన్స్ చపానిస్ అనే కుర్ర మనస్తత్వ శాస్త్రవేత్తకు ఈ పని అప్పగించారు. ఆయన పైలట్ల మనసుల్లోకి తొంగిచూసే ముందు కాక్‌పిట్‌లోకి తొంగిచూశాడు. దిగాక ఎత్తాల్సిన రెక్కల ఫ్లాప్స్ మీట, దిగాక ఛస్తే ముట్టుకోకూడని గేర్ మీట పక్కపక్కనే ఉన్నాయి. రెండూ చేతికి ఒకేలా తగులుతున్నాయి. సీ-47 రవాణా విమానంలో వాటి అమరిక వేరు, ఆ పైలట్లు ఈ తప్పు చేయడం లేదు. బీ-17 నడిపేవాళ్లందరికీ ఏకకాలంలో మతిమరుపు పట్టుకోదు కదా! చపానిస్ గేర్ మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీటకు రెక్క ఆకారపు ముక్క అతికించాడు. అంతటితో ‘పైలట్ తప్పు’ అనే వ్యాధి నయమైంది. మందు ఖరీదు ఒక రబ్బరు ముక్క.

1947లో ఫిట్స్, జోన్స్ అనే మరో ఇద్దరు 460 ‘పైలట్ తప్పులు’ సేకరించి చూస్తే, అందులో సగం ఒక మీట బదులు ఇంకో మీట కదిపినవే. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

సరిగ్గా అదే 1947లో బీచ్‌క్రాఫ్ట్ కంపెనీ బొనాంజా విమానానికి ప్రభుత్వ ధ్రువీకరణ వచ్చింది. అందమైన విమానం, వేగంగా పోతుంది, డబ్బున్న డాక్టర్లకు మహా ఇష్టం. అందులో ఫ్లాప్స్ స్విచ్ ఎడమవైపు, గేర్ స్విచ్ కుడివైపు. మిగతా చిన్న విమానాల్లో తర్వాత స్థిరపడిన అలవాటు దీనికి తిరగబడి ఉంటుంది. అదే కంపెనీ తర్వాత తెచ్చిన రెండు ఇంజన్ల బారన్ కూడా అదే దారి పట్టింది. పైగా కంట్రోల్ వీల్‌ను మోసే అడ్డకమ్మీ ఒకటి ఆ స్విచ్చుల్ని పైలట్ కంటికి ఆనకుండా చేస్తుంది. సెస్నాలో చేయి తిరిగిన పైలట్ బొనాంజా కొనుక్కుని, చక్కగా దిగి, అలవాటుగా ఫ్లాప్స్ ఎత్తుదామని చేయి చాస్తాడు. చక్రాలు లేచిపోతాయి.

దీనికి అడ్డుకట్టగా గేర్ కాలికి ఒక చిన్న స్విచ్ ఉంటుంది. కాలి మీద విమానం బరువు పడితే గేర్ పైకి ముడుచుకోనివ్వదు. ఆలోచన బాగానే ఉంది. కానీ దిగిన మొదటి క్షణాల్లో వేగం ఇంకా ఉంటుంది, రెక్కలు ఇంకా బరువు మోస్తూనే ఉంటాయి, కాలు పూర్తిగా కుంగదు. విమానం గాల్లోనే ఉందని ఆ స్విచ్ మనస్ఫూర్తిగా నమ్ముతుంది. ఎత్తమన్నారు కదా అని ఎత్తేస్తుంది.

33 ఏళ్లు ఇలాగే గడిచాయి. 1980లో ఎన్‌టీఎస్‌బీకి మెలకువ వచ్చి, 1975 నుంచి 1978 దాకా జరిగిన ఇలాంటి ప్రమాదాలను తిరగేసింది. ఆ నివేదిక పేరులోనే ఇవి ‘డిజైన్ పుట్టించిన’ ప్రమాదాలని పెట్టింది. పొరపాటున గేర్ ఎత్తేసిన ఒంటి ఇంజన్ విమానాల కేసులు 24 ఉంటే, అందులో 16 బొనాంజాలవే. చక్రాలు ముడుచుకునే ఆ తరగతి విమానాల్లో బొనాంజాల వాటా 30 శాతమే. రెండు ఇంజన్ల తరగతిలో 39 కేసులుంటే 21 బారన్లవి. వాటి వాటా 16 శాతం. రబ్బరు ముక్క అతికించి చపానిస్ రుజువు చేసిన సంగతిని ఇంకో తరం విమానాలను పగలగొట్టుకుని మళ్లీ రుజువు చేసుకున్నారు.

1984 మోడళ్ల నుంచి బీచ్‌క్రాఫ్ట్ ఆ స్విచ్చుల్ని అందరిలాగే మార్చేసింది. శుభం. మరి అంతకుముందు తయారైన వేలాది విమానాలో? వాటి జోలికి ఎవరూ పోలేదు. ఒక విమానం ఏ ఏటి నిబంధనల కింద ధ్రువీకరణ పొందిందో, జీవితాంతం ఆ నిబంధనలే దానికి వర్తిస్తాయి. గేర్ మీట పిడి చక్రం ఆకారంలో ఉండాలని, అది థ్రాటిల్‌కు ఎడమవైపే ఉండాలని నిబంధన వచ్చింది నిజమే. అయితే అది ఆ తర్వాత పుట్టే విమానాలకు. అమెరికాలో ఎగిరే ఒంటి పిస్టన్ ఇంజన్ విమానాల సగటు వయసు 40 ఏళ్లు దాటింది. అంటే భద్రత అంతా ఇంకా పుట్టని విమానాలకు, ప్రమాదమంతా ఎగురుతున్న విమానాలకు పంచిపెట్టారు. 2017లో చిన్న విమానాల డిజైన్ నిబంధనలన్నీ తిరగరాసినప్పుడు ఇలాంటి వివరాలను చట్టంలోంచి తీసి పరిశ్రమ ప్రమాణాల పుస్తకాలకు అప్పగించారు. మీట ఆకారం గురించి మాట్లాడటం సర్కారు స్థాయికి తగదనుకున్నారు కాబోలు.

నియంత్రణ అంటేనే పనికిమాలిన పని అంటున్నానా? ఎంతమాత్రం కాదు. పనిచేసిన నియంత్రణ ఎలా ఉంటుందో చూడండి. సెస్నా 210 పాత మోడళ్లలో స్ప్రింగ్ స్టీలు కాలును పట్టుకుని తిప్పే శాడిల్ అనే దిమ్మ ఉంటుంది. అది అలసి పగిలితే కాలు వేలాడుతూ ఉండిపోతుంది, తాళం పడదు. 1976లో ఎఫ్‌ఏఏ ఏడీ ఇచ్చి, రంగు ద్రవం పూసి మరీ పగుళ్లు వెతకమంది. పైపర్ ఏరో వంటి విమానాల్లో ప్రధాన గేర్ పక్కకు మడవకుండా ఆపే సైడ్ బ్రేస్ స్టడ్ ఉంటుంది. 1997లో దానికీ ఏడీ వచ్చింది. నిర్ణీత గంటలకోసారి విప్పి చూడాలి. ఇందులో ఉపన్యాసం లేదు, భద్రతా వారోత్సవం లేదు, ‘భద్రత మన అందరి బాధ్యత’ అన్న బ్యానర్ లేదు. ఫలానా బోల్టు విప్పు, ఫలానా చోట చూడు, పగులుంటే మార్చు, పుస్తకంలో సంతకం పెట్టు. అంతే. ఇప్పటి ఏడీల్లో ఖర్చు కూడా రాస్తారు, మెకానిక్ గంటకు 85 డాలర్లని. దానికే యజమానుల సంఘాలు గుండెలు బాదుకుంటాయి. లక్ష డాలర్ల బొమ్మ కొన్నవాడికి 85 డాలర్ల దగ్గర హఠాత్తుగా స్వేచ్ఛ, రాజ్యాంగం, వ్యవస్థాపక పితరులు అందరూ గుర్తుకొస్తారు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అని ఊరుకోలేం. మన శిక్షణ సంస్థల్లో పిల్లలు నేర్చుకునే సెస్నాలు అక్కడివే. సాధారణంగా అక్కడ ఏడీ వస్తేనే ఇక్కడ కూడా అది తప్పనిసరి అవుతుంది. అక్కడ లెక్కకు రాని పగులు ఇక్కడా లెక్కకు రాదు. ఇంతకీ మనవాళ్లు పైలట్‌ను తిట్టరు, అది ఒప్పుకోవాలి. మనవాళ్లు పొగుడుతారు. 2021 మే 6న రోగితో వెళ్తున్న ఎయిర్ అంబులెన్స్‌కు నాగపూర్‌లో పైకి లేస్తుండగానే ఒక చక్రం ఊడిపోయింది. ముంబైలో నురగ పరిచిన రన్‌వే మీద పైలట్ దాన్ని పొట్ట మీద దించి అందర్నీ బతికించాడు. నాటి పౌర విమానయాన మంత్రి ఆయన సమయస్ఫూర్తిని మెచ్చుకుంటూ ట్వీట్ చేశారు. మెచ్చుకోవాల్సిందే. కానీ చక్రానికి కూడా ఒక ట్వీట్ వేసి, నువ్వెందుకూడావమ్మా అని అడిగుంటే బాగుండేది.

2023 జూలై 11న బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో ఇంకో చిన్న జెట్. పైకి లేచాక గేర్ ముడుచుకోలేదని వెనక్కి తిరిగింది. దిగేటప్పటికి ముందు చక్రం పైకి పోయి ఉంది. ముక్కు మీద జారుకుంటూ ఆగింది. పైలట్లిద్దరూ క్షేమం. ముడుచుకోమన్నప్పుడు ముడుచుకోక, దిగమన్నప్పుడు దిగని ఈ మొండితనాన్ని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రెండు ముక్కల్లో చెప్పి, విమానం సురక్షితంగా దిగిందని ముగించింది. ముక్కు నేలకు రాసుకుంటూ ఆగినా సురక్షితమే. మన ప్రభుత్వ భాషలో ఆ మాటకున్న విశాల హృదయం మరే మాటకూ లేదు.

ఏది ప్రమాదమో చెప్పే మన నిర్వచనమూ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ వారి అనెక్స్ 13 నుంచి తెచ్చుకున్నదే. టైర్లు, బ్రేకులు, చక్రాలు, గేర్ తలుపుల వరకే దెబ్బ తగిలితే ప్రమాదం కాదు. అయినా మనం అమెరికా కన్నా ఒక మెట్టు పైనున్నాం, ఎందుకంటే గేర్ ముడుచుకుపోవడం, చక్రాల్లేకుండా దిగడం కనీసం ‘సీరియస్ ఇన్సిడెంట్’ల జాబితాలో ఉన్నాయి. సంతోషించే లోపే ఇంకో మెలిక. 2017లో వచ్చిన నిబంధనలు ప్రమాద విచారణ బ్యూరో ఏఏఐబీని విధిగా విచారించమన్నది 2,250 కిలోలు దాటిన విమానాలనూ, జెట్లనూ. పిల్లలు నేర్చుకునే సెస్నా 172 బరువు అందులో దాదాపు సగం. కనుక వాటి ప్రకారం బ్యూరో తలుచుకుంటే తప్ప దాని విచారణ డీజీసీఏ చేతుల్లోనే. అనుమతి ఇచ్చినవారే, తనిఖీ చేసినవారే, విచారించేవారూను. ఆ డీజీసీఏలో 1,063 పోస్టులకు 553 మందే ఉన్నారని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. అదే ఏడాది శిక్షణ సంస్థలకు తొలిసారి గ్రేడులిస్తే ఒక్కదానికీ ‘ఎ’ గ్రేడు రాలేదు. అన్నీ బీలూ, సీలే. కొత్తగా నేర్చుకునే కుర్రాడు రోజుకు పదిసార్లు విమానాన్ని నేలకేసి కొట్టేది అక్కడే, ముందు చక్రం ఫోర్కు దెబ్బతినేదీ, ఇంజన్ వెనకుండే ఫైర్‌వాల్ ముడతలు పడేదీ అక్కడే.

కింజరాపు రామ్మోహన్ నాయుడు గారూ, పౌర విమానయాన శాఖ ఇప్పుడు మన శ్రీకాకుళం చేతుల్లో ఉంది కనుక అడుగుతున్నాం. మన నిర్వచనంలోంచి చక్రాల మినహాయింపు తీసేయించండి. శిక్షణ విమానాల వరకైనా గేర్ మీద వచ్చే ప్రతి సర్వీస్ బులెటిన్‌ను ఆజ్ఞగా చేయించండి. ఊడిన ప్రతి చక్రం, పగిలిన ప్రతి స్టడ్ వివరాలు ఊరి మెకానిక్ కూడా చదువుకునేలా బయట పెట్టించండి. అంతర్జాతీయ ఒప్పందం ఉంది, మన చేతుల్లో లేదని మీ అధికారులు అంటారు. నమ్మకండి. అనెక్స్ కన్నా కఠినంగా ఉండే హక్కు ప్రతి సభ్యదేశానికీ ఉంది. మా నిబంధన మీ నిబంధనకు తేడాగా ఉందని మాంట్రియల్‌లోని ఐసీఏఓకు ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది.